మూడో మందు

విజయనగరంలో మేం వెళ్ళే క్లినిక్‌లో లోపలి గది తలుపు సరిగ్గా పడదు. గడియ పెట్టినా కింద రెండు వేళ్ళ సందు ఉంటుంది. ప్రతి గురువారం నేను ఆ తలుపు పక్కనున్న బెంచీ మీదే కూర్చునేదాన్ని. అవతల ఫ్యాను కింద కుర్చీలు ఖాళీగా ఉన్నా అటు పోయేదాన్ని కాదు. లోపల మా ఆయనా, ముప్పై నిండని ఒక పిల్లా ముప్పావుగంట సేపు మాట్లాడుకుంటారు. దానికి వైద్యం అని పేరు. ఒకరోజు ఇద్దరూ నవ్వడం వినిపించింది. ఇంట్లో ఏడాదిగా నవ్వని మనిషి అక్కడ నవ్వుతుంటే నాకు సంతోషం కలగాలి. కలగలేదు. నా గురించే ఏదో చెప్పుకుని నవ్వుతున్నారనుకున్నాను.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. మాది చీపురుపల్లి, స్టేషను రోడ్డులో కిరాణా కొట్టు. పుట్టింట్లోనూ అదే వ్యాపారం. కందిపప్పు బస్తా దిగితే మా నాన్న పైనున్న పప్పు చూసేవాడు కాదు. మోచెయ్యి దాకా లోపలికి దింపి అడుగున ఉన్నది పిడికిట్లో తీసి చూసేవాడు. చింతపండు కొరికి చూడకుండా, బెల్లం వాసన చూడకుండా మా ఇళ్ళలో ఏదీ గడప దాటి లోపలికి రాదు. అనుమానం పెనుభూతం అని లోకులంటారు గానీ, మా వాళ్ళకి అదే పెట్టుబడి. మనుషుల దగ్గర కూడా నాకు ఆ అలవాటు పోలేదు. ఎవరైనా తియ్యగా మాట్లాడితే అడుగున ఏముందో చూడాలనిపిస్తుంది.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. పెళ్ళికి ముందు బావా అని పిలిచేదాన్ని, పెళ్ళయ్యాక కూడా అదే పిలుపు. మెత్తని మనిషి. పొట్లం కడితే విప్పడానికి జనం బాధపడాలి, అంత పొందిగ్గా కట్టేవాడు. ఆరేడేళ్ళ కిందట మొదలైంది. "ఎవరో పిలిసినారే" అని లేచి బయటికి వెళ్ళి చూసొచ్చేవాడు. తర్వాత్తర్వాత, గోదాంలో బస్తాల వెనక ఇద్దరు మనుషులు కూర్చుని తన గురించే మాట్లాడుకుంటున్నారని చెప్పడం మొదలుపెట్టాడు. గోదాంలో పందికొక్కులు తప్ప ఎవరూ లేరు. బ్రాందీ పడితే ఆ ఇద్దరి గొంతులూ తగ్గుతాయని ఆయనకు ఎలాగో తెలిసింది. అలా తాగుడు పట్టుకుంది.

మాకు తాగుడే కనిపించింది. తాగినవాడు వాగుతాడు, దాంట్లో వింతేముంది? కొందరు ఎవరో చేతబడి చేసి చిల్లంగి పెట్టారన్నారు. కొందరు నా జాతకం అన్నారు. ఫోనుతో డబ్బు కొడితే "వచ్చాయి" అని గట్టిగా చెప్పే చిన్న పెట్టె ఉంటుంది కదా, ఇప్పుడు ప్రతి కొట్లోనూ ఉంది, దాన్ని ఒకరోజు పట్టుకెళ్ళి బెల్లం డ్రమ్ములో పెట్టి మూత వేశాడు. బేరాల వేళ డ్రమ్ములోంచి అది అరుస్తూ ఉంటే జనం పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పెట్టె గొంతుకీ, తనకు వినిపించే గొంతులకీ తేడా తెలియక ఆ మనిషి ఎంత నలిగిపోయాడో నాకు తర్వాత గానీ అర్థం కాలేదు.

చివరికి ఒకరోజు గోదాంలో ఎవరినో తరుముతూ బస్తాల మీద నుంచి పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టినాయనే విజయనగరంలో మనసు డాక్టరు దగ్గరికి పంపాడు. పది రోజులు చేర్చుకున్నారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి, "రెండు జబ్బులమ్మా. తాగుడు ఒకటి, మనసుది ఒకటి. ఒకదాన్ని వదిలేసి ఇంకోదాన్ని పట్టుకుంటే రెండూ తగ్గవు" అన్నారు. మాత్రలు రాసి, వారం వారం కౌన్సెలింగ్ మేడమ్‌తో మాట్లాడించమన్నారు.

"ఊరికే మాటలేనాండీ?" అని అడిగాను.

"ఊరికే కాదు. మాటలే" అన్నారాయన.

మంత్రాలకే రాలని చింతకాయలు మాటలకు రాలతాయా అనుకున్నాను. పైగా ఆ మేడమ్ శ్రీకాకుళం పక్కన ఎచ్చెర్లలో చదువుకుందట. మన పక్క పిల్లే. రేపు మా ఇంటి సంగతులన్నీ ఏ పెళ్ళిలోనో ఎవరి చెవినైనా పడితే? అదొక భయం.

మొదటి గురువారం మా ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టింది. చాలాసేపు ఏవో అడిగింది. ఎప్పుడు నిద్రపోతారు, ఎప్పుడు తాగాలనిపిస్తుంది, గొంతులు ముందా తాగుడు ముందా. చివర్లో లేస్తూ, "ఏదేమైనా సరే, మీరు మందు మాత్రం మానకండి" అంది.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని మా ఆయన నా మోచెయ్యి పొడిచాడు. "ఇన్నావా? మందు మానొద్దంది."

"అది మాత్రల మాట బావా."

"నాకైతే అలగ ఇనబడనేదే."

మర్నాడు పొద్దున్నే కొట్టు తెరవకముందే ఒక క్వార్టరు సీసా తెచ్చి గల్లాపెట్టె పక్కన పెట్టాడు. అడిగితే, "మేడమే సెప్పింది కదే, డాక్టరు మాట కాదంటావేటి?" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కన్నా ఆ పిల్ల మీద ఎక్కువ మండింది. మందు అంటే మా ఊళ్ళో మొదట గుర్తొచ్చేది ఏమిటో తెలియనిది, తాగుబోతులకు వైద్యం చేస్తుందట.

మరుసటి గురువారం వెళ్ళీ వెళ్ళగానే కడిగేశాను. ఆమె నుదురు కొట్టుకుని నవ్వింది. నవ్వి, ఒక తెల్లకాయితం తీసుకుని పెద్ద అక్షరాలతో రెండు మాటలు రాసింది. మాత్ర. తాగుడు. "ఈ గదిలో ఇక నుంచి మందు అనే మాట వద్దు. మింగేది మాత్ర, తాగేది తాగుడు. సరేనా?" అంది.

మా ఆయన ఆ కాయితం కేసి చూశాడు. నేల చూపులు చూస్తూ, "మరి పెట్టే మందుని ఏటనాల మేడమ్?" అన్నాడు.

"పెట్టే మందా?"

"అన్నంలో పెడతారు కదండీ. ఎవులికీ తెలీకుండా. ఆడోళ్ళు పెడతారు."

ఆమె కాయితం మీద రెండు మాటల కింద 'మూడో మందు' అని రాసి, దాని సంగతి తర్వాత మాట్లాడుకుందాం అంది.  అప్పటికి రెండు నెలలుగా, ఆస్పత్రిలో ఉన్న పది రోజులు తప్ప, నేను ఆయన కూరలో పొడి కలుపుతున్నాను.

ఆ పొడి తెచ్చింది మా వదిన, అంటే మా ఆయన అక్క. కోటబొమ్మాళిలో ఉంటుంది. అక్కడ సంతలో ఒకాయన అమ్ముతాడట. తాగుడు మానిపించే పొడి. పొట్లం మీద ఏ అక్షరమూ ఉండదు. లోపల పసుపుపచ్చ రంగులో, కొంచెం చేదుగా ఉంటుంది. వదిన చేతిలో పెడుతూ, "ఆడికి తెలకూడదే. తెలిస్తే పని సెయ్యదంట" అంది. బెల్లం వాసన చూడకుండా కొనని దాన్ని, అందులో ఏముందని ఒక్క మాట అడగలేదు. మనకు కావలసింది ఎవరైనా చేతిలో పెడితే అనుమానం ఎటు పోతుందో తెలియదు.

చేదు తెలియకుండా ఉండాలంటే ఆవ పెట్టిన కూరే దారి. అరటికాయో, పనసపొట్టో, కందో వండి, ఘాటుగా ఆవపిండి తగిలించి, ముందు నా కంచంలో వేసుకుని మిగిలినదాంట్లో కలిపేదాన్ని. మొదటి వారంలోనే ఒక మధ్యాహ్నం ఆయన తాగొచ్చాడు. మొహం ఎర్రగా కందిపోయింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని, కొట్టు వెనక కాలవ దగ్గర పేగులు బయటికి వచ్చేలా కక్కాడు. నేను నీళ్ళ చెంబు పట్టుకుని వెనక నిలబడి, పని చేస్తోంది అనుకున్నాను. సంతోషపడ్డాను. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు నాకు అసహ్యం వేస్తుంది.

తర్వాత తొమ్మిది రోజులు తాగలేదు. కానీ కంచం కేసి చూడడం మొదలుపెట్టాడు. కూర వేళ్ళతో విడదీసి చూసేవాడు. "ముందు నువ్వు తిను" అనేవాడు. నేను తినేదాన్ని, నాది వేరే కదా. "ఏటి కలిపినావు?" అంటే, "నా తలకాయ కలిపాను" అని అరిచేదాన్ని. అరిచి ఏడ్చేదాన్ని కూడా. వదిన వచ్చినప్పుడు ఆయన్ని పట్టుకుని, "ఒరే, దేవతలాటి పెళ్ళాన్ని అనుమానిస్తావేటిరా, కళ్ళు పోతాయి" అని తిట్టేది. చుట్టుపక్కల వాళ్ళు నన్ను చూసి అయ్యో అనేవారు. పొడి తెచ్చినావిడే నన్ను దేవత అంటూ ఉంటే ఆ క్షణానికి నేనూ నమ్మేదాన్ని.

మేడమ్‌తో మాటలు మొదలయ్యాక కూడా పొడి ఆపలేదు. ఆమె మీద నాకు నమ్మకం లేదు. నెల తిరిగేసరికి ఆయన తాగడం సగానికి సగం తగ్గింది. అది మాటల వల్లే అని మేడమ్ అనుకుంటోంది, పొడి వల్లే అని నేననుకుంటున్నాను. ఎవరి గొప్ప వాళ్ళది.

తలుపు సందులోంచి వినడం మటుకు మానలేదు. ఆమె ఆయన్ని ఒక్కసారి కూడా తిట్టలేదు. "మీ ఆవిడ అలా చేయదండీ" అని కూడా అనలేదు. నాకు అది కూడా తప్పుగానే తోచింది. మా అందరిలా ఒక్క మాటతో కొట్టిపారెయ్యచ్చు కదా! ఆమె మాత్రం పదికి ఎంత అని అడిగేది.

"ఆ ఆలోచన వచ్చినప్పుడు పదికి ఎంత నమ్ముతున్నారు?"

"తొమ్మిది."

"అప్పుడు తాగాలనిపిస్తుందా?"

"అనిపిస్తాది మేడమ్. ఇంట్లో కూడు నమ్మనేనప్పుడు సీసానే నమ్ముతాను. దానికి సీలు ఉంటాది కదా."

ఆ మాట వినగానే నాకు కోపం ముంచుకొచ్చింది. ఇరవై ఏళ్ళ కాపురం కన్నా సీసా మూత ఎక్కువైందా అని. బెంచీ మీద నుంచి లేచి వెళ్ళి కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాను. తిరిగొచ్చి మళ్ళీ అదే బెంచీ మీద కూర్చున్నాను.

అనుమానం తగ్గడం లేదని డాక్టరుగారు రాత్రి మాత్ర ఒకటిన్నర చేశారు. దాంతో ఆయన పొద్దున్న పదకొండింటికే కొట్లో కూర్చున్నచోటే తూలిపోయేవాడు. చొంగ కారి చొక్కా తడిసేది. పొట్లం కట్టబోతే దారం చేతిలోంచి జారిపోయేది. సరుకులకు వచ్చిన ఆడవాళ్ళు నాకేసి జాలిగా చూసేవాళ్ళు. ఆ అరమాత్ర నా వల్ల పెరిగిందని నాకు తెలుసు. తెలిసి కూడా ఏమీ అనలేదు.

ఆ రోజుల్లోనే ఒకనాడు చొక్కాకు సబ్బు పెట్టబోతూ జేబులో చెయ్యి పెట్టాను. మడతపెట్టిన కాయితం ఒకటి దొరికింది. మేడమ్ ఇంటికిచ్చిన పని. మధ్యలో నిలువుగా గీత. ఎడమ పక్క 'పెడుతోంది అనడానికి', కుడి పక్క 'పెట్టడం లేదు అనడానికి'. కింద ఆయన దస్తూరీ, సరుకుల చీటీ రాసినంత శ్రద్ధగా.

ఎడమ పక్క మూడు సంగతులు రాశాడు. తాగితే గుండె దడ, మొహం మంట, ఇంతకు ముందు ఎన్నడూ లేదు. ఆవ పెట్టిన కూర చివర్లో చేదు, పులుసులో లేదు. నేను వంటింట్లోకి వెళితే మా ఆవిడ డబ్బా మూత గబుక్కున వేస్తుంది. కుడి పక్క కూడా మూడు. మేనమామ కూతురు, చిన్నప్పట్నుంచి ఎరుగుదును. అక్క కూడా లేదంటోంది. నా జబ్బులో ఇలాంటి అనుమానాలు వస్తాయని డాక్టరు చెప్పారు. అన్నిటికన్నా కింద ఒక గీత గీసి రాశాడు: పదికి నాలుగు. నా బుర్రే నన్ను మోసం చేస్తోంది.

సబ్బు నురగ చేతుల్లో ఆరిపోయేదాకా అక్కడే కూర్చున్నాను. ఎడమ పక్క రాసినవన్నీ నిజాలే. ఆవ ఘాటు దాటి చివర్లో చేదు మిగులుతుందని నాకే తెలియదు, ఆయన కనిపెట్టాడు. మా ఇంట్లో ఎవరికైనా సరుకు చూసే కన్ను ఉందంటే అది ఆయనకే ఉంది. ఆ కన్నును ఇప్పుడు ఆయన చేతే పొడిపిస్తున్నాం, మేడమ్, డాక్టరుగారు, వదిన, నేను అందరం కలిసి. వాళ్ళు తెలియక చేస్తున్నారు. అన్నాళ్ళూ దొరికిపోతానని భయపడ్డాను. ఆ కాయితం చదివాక, ఈయన ఇక నన్ను పట్టుకోలేడని భయం వేసింది.

వదినకు ఫోన్ చేశాను.

"సెప్పకే" అంది. "సెప్తే మరి నీ సేతి కూడు ముట్టడు. తిండి మానీసి తాగుడికే ఎల్లిపోతాడు."

"చెప్పకపోతే పిచ్చి ముదిరిందని మాత్రలు పెంచుతున్నారు వదినా."

"పిచ్చి ఎలగూ ఉన్నాది కదే. ఒకటైతే ఏటి, ఒకటిన్నరైతే ఏటి?"

తమ్ముడంటే ప్రాణం పెట్టే మనిషే. అయినా అంత సులువుగా అంది. ఫోన్ పెట్టేశాక, నేనూ లోపల అదే అనుకుంటున్నానని తెలిసింది.

అప్పుడు కూడా నిజం చెప్పాలనుకోలేదు. దొంగ తెలివి ఒకటి తట్టింది. పొడి పారేస్తే సరిపోతుంది కదా. కలపడం మానేస్తే చేదు పోతుంది, దడ పోతుంది, ఆయన అనుమానమూ పోతుంది, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. మిగిలిన పొట్లాలు రెండూ ఒక సీసాలో వేసి మూత బిగించి అటక మీదికి తోసేశాను. పారెయ్యడానికి కూడా మనసొప్పలేదు చూడండి, అవసరం పడుతుందేమో అని.

నేననుకున్నట్టే జరిగింది. మూడు వారాల్లో ఆయన పదికి రెండు అన్నాడట. మేడమ్ బయటికి వచ్చి నాతో కూడా సంతోషంగా చెప్పింది. ఆ మధ్యాహ్నం విజయనగరం స్టేషనులో రైలు కోసం కూర్చున్నాం. ఆయన పల్లీల పొట్లం నా ఒళ్ళో పెట్టి, నా మొహం కేసి చూడకుండా అన్నాడు.

"నిన్ను ఊరికే అనుమానించీసినాను. నా బుర్ర సెడిపోయింది. కళ్ళతో సూసింది కూడా నమ్మకూడదని ఇప్పుడు తెలిసింది. ఏటీ అనుకోకే."

అందరూ చూస్తుండగా నా రెండు చేతులూ పట్టుకున్నాడు. పల్లీలు కింద పడిపోయాయి. నేను "పర్లేదు బావా" అన్నాను. నా జన్మలో అంతకన్నా నీచమైన మాట నేను అనలేదు.

మళ్ళీ గురువారం ఆయన లోపలికి వెళ్ళిన పది నిమిషాలకు లేచి తలుపు తోశాను. "ఇంకా టైముందమ్మా" అంది మేడమ్. తెలుసన్నాను. కూర్చోమంటే కూర్చోలేదు. మళ్ళీ ధైర్యం చాలుతుందో లేదోనని ఒక్క గుక్కలో చెప్పేశాను.

"ఆ మూడో మందు నేనే పెట్టాను. కూరలో. ఆయన చెప్పిందంతా నిజం."

మేడమ్ నా కేసి చూడలేదు, ఆయన కేసి చూసింది.  ఆయన మెల్లగా, బేరం అడిగినట్టు అడిగాడు.

"ఎన్నాళ్ళు?"

"నాలుగు నెలలు. ఆపేసి నెల కావస్తోంది."

"ఆవ పెట్టిన కూరల్లోనే కదా?"

"ఊఁ."

"అక్కకి తెలుసా?"

"వదినే తెచ్చింది."

తిడతాడనుకున్నాను. కొడతాడేమోనని కూడా అనుకున్నాను. ఆయన మొహం విప్పారింది. లేచి నిలబడ్డాడు. "మేడమ్, రాసుకోండి. నాకు పిచ్చి లేదు. ఇన్నారా? నాకు పిచ్చి లేదు!" కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతున్నాడు.  ఇక మాత్రలు మానేస్తాడు, ఇక్కడికి రాడు, గోదాంలో గొంతులు కూడా నిజమే అంటాడు. వదిన చెప్పిందే నయం, చెప్పి మొత్తం పాడుచేశాననుకున్నాను.

మేడమ్ ఆయన్ని కూర్చోమనలేదు. తనూ లేచి నిలబడింది. "మీరు చూసింది నిజం. చేదు నిజం, దడ నిజం. మీ కళ్ళను నేను కూడా నమ్మలేదు. అది నా తప్పు, నన్ను క్షమించండి" అంది. ఒక డాక్టరమ్మ రోగికి క్షమాపణ చెప్పడం నేను అప్పుడే చూశాను. అది కూడా ఏదో ఎత్తే అయి ఉంటుందని ఒక క్షణం అనిపించకపోలేదు.

తర్వాత ఆమె అడిగింది. "గోదాంలో ఆ ఇద్దరి గొంతులు?"

ఆయన నవ్వు ఆగిపోయింది. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. "ఉన్నాయి. కొంచెం దూరంగా ఇనబడతన్నాయి."

"పొడి కలపక ముందు నుంచీ ఉన్నాయా?"

"ఎప్పట్నుంచో ఉన్నాయి." కొంచెం ఆగి, "అయితే పిచ్చి ఉన్నాదన్నమాట" అన్నాడు.

"జబ్బు ఉంది. మీరు చెప్పేదంతా జబ్బు కాదు. ఏది ఏదో ఇక నుంచి ఒక్కొక్కటీ వేరుచేసి చూద్దాం, రాళ్ళు ఏరినట్టు" అంది.

రాళ్ళు ఏరడం ఆయనకు తెలిసిన పనే. తల ఊపాడు. ఆ రోజే డాక్టరుగారు నాకు గట్టిగా చివాట్లు పెట్టారు. అందులో ఏముందో ఎవరికీ తెలియదనీ, దాని మీద బ్రాందీ పడితే ఏదో ఒకరోజు గుండె ఆగిపోయేదనీ అన్నారు. అటక మీద సీసా తెచ్చి ఆయన టేబుల్ మీద పెట్టేదాకా ఊరుకోలేదు. రాత్రి మాత్ర మళ్ళీ ఒకటికి తగ్గించారు.

వదిన అన్న మాట కూడా నిజమే అయింది. నా చేతి కూడు ఆయన ముట్టలేదు. కోపంగా కాదు, మామూలుగా చెప్పాడు. "నా కూర నేను వండుకుంటాను." అప్పటికి ఎసరు పెట్టడం కూడా రాని మనిషి. పొద్దున్నే ఆరింటికి గ్యాస్ పొయ్యి ఆయనది, ఏడింటికి నాది. ఉప్పు ప్యాకెట్టు కొట్లోంచి కొత్తది తెచ్చుకుని తనే చింపుకుంటాడు. పప్పు మాడ్చుకుని తింటాడు. ఒకే పొయ్యి మీద రెండు వంటలని వీధిలో వాళ్ళు నవ్వారు, విడిపోయామని కూడా అన్నారు. అక్కతో ఆరు నెలలు మాట్లాడలేదు. ఈ మధ్యలో రెండుసార్లు తాగాడు. రెండుసార్లూ గురువారం వెళ్ళి తనే చెప్పాడు. నేను ఇప్పుడు ఫ్యాను కిందే కూర్చుంటున్నాను. అయినా ఆయన కొట్టు వెనక్కి వెళ్ళి ఆలస్యం చేస్తే నా ముక్కు అటే తిరుగుతుంది. మాత్ర వేసుకున్నాడో లేదో అని పట్టీలో మాత్రలు లెక్కపెట్టకుండా ఉండలేను. అది తెలిసి కూడా ఆయన పట్టీని నాకు కనబడేచోటే పెడతాడు.

మొన్న వానాకాలంలో నాకు నాలుగు రోజులు జ్వరం. నాలుగోనాడు మధ్యాహ్నం కొట్టు మూసి వచ్చి, రెండు కంచాల్లో అన్నం, బీరకాయ కూర పెట్టి తెచ్చాడు. ఒకటి నా ముందు పెట్టి, రెండోది తన ముందు పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళకి నాకు పెట్టాడు. కూర కలుపుకున్నాను. ముద్ద చేసి నోటి దాకా తెచ్చాను. కూరలో నల్లగా, పలుకులు పలుకులుగా ఏదో కనిపించింది. నా చెయ్యి ఆగిపోయింది. ఏం కలిపాడో అనుకున్నాను. ఆ మాట నా అంతట నేను అనుకోలేదు, దానంతటదే వచ్చింది. పగ తీర్చుకోవడానికి ఆయనకు కారణం ఉంది, నేనే ఇచ్చాను.

అది మాడిన పోపు. ఆ సంగతి నాకు తట్టేలోపే ఆయన నా చెయ్యి చూశాడు. మొహంలో కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. ఆ చెయ్యి ఎందుకు ఆగిందో ఆ ఇంట్లో ఆయన కన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. ఆయన నేను కలిపిన కంచం తన వైపు లాక్కుని, తన కంచం నా ముందుకు జరిపి, తినడం మొదలుపెట్టాడు.

నాకు తల ఎత్తాలనిపించలేదు. మేడమ్ ముందు నిలబడి ఒప్పుకున్ననాడు కూడా నాకు అంత సిగ్గు వెయ్యలేదు. ఆయన రెండు ముద్దలు తిన్నాక నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు ఎక్కువైంది.